మా అత్త సగం గడ్డం

ఆ ఏడు కొండమీద కాఫీ పళ్ళు ఎర్రబడే వేళకి మా అత్త గడ్డం కుడివైపు సగం పోయింది. ఎడమవైపు సగం ఉంది. ఆ సగం గడ్డంతోనే ఆవిడ సంతకి వెళ్ళింది, గెడ్డ వాగుకి నీళ్ళకి వెళ్ళింది, ఊరందరి ముందూ తలెత్తుకు తిరిగింది. దాని గురించి మా చుట్టుపక్కల ఇప్పటికీ తలో రకంగా చెప్పుకుంటారు. స్వర్ణ వాళ్ళ మేనత్తకి గడ్డం గీసేసిందంటారు కొందరు, మందు పూసి రాల్చేసిందంటారు ఇంకొందరు. గియ్యలేదు, రాల్చలేదు. గీస్తే మర్నాటికి మళ్ళీ వస్తుంది. ఒక్కొక్క వెంట్రుక మొదట్లోకి సూది పంపి, కరెంటు పెట్టి, వేరు కాల్చి తీశాను. పని తెలియనివాళ్ళు పని గురించి మాట్లాడితే నాకు ఒళ్ళు మండుతుంది. అందుకే నేనే చెబుతున్నాను.

అరకులో రమణమ్మగారి ఫ్యాన్సీ షాపు మేడమీద ఒక గది ఉంది. అందులో రెండు వాలుకుర్చీలు. భర్తకి అరకు రైల్వే స్టేషనుకి బదిలీ అయితే ఉమామహేశ్వరి మేడం వైజాగులో నడుపుతున్న ఎలక్ట్రాలిసిస్ క్లినిక్కుని మిషనుతో సహా రైలెక్కించి తెచ్చి ఆ గదిలో దింపింది. అవాంఛిత రోమాలు శాశ్వతంగా తీయబడును అని బయట బోర్డు. కుర్చీలు రెండున్నా పనిచేసే మనిషి ఒక్కతే. నేను బ్యూటీషియన్ కోర్సు చేసి, గది ఊడవడానికి, తువ్వాళ్ళు ఉతకడానికి చేరాను. రోజూ ఆ భూతద్దం లైటు తుడిచీ తుడిచీ ఒకరోజు అడిగేశాను, నాకూ నేర్పండి మేడం అని. ఆవిడ నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో అల్లం పొలం మట్టి ఇంకా ఉంది.

"కోపం ఎక్కువా నీకు?" అంది.

"ఎక్కువే."

"సరే. దాన్ని వేళ్ళలోకి మాత్రం రానివ్వకు."

మొదట్లో కరెంటు లేదు, ఉత్త సూది పెట్టడమే. అదీ నా పిక్క మీద నేనే. వెంట్రుక ఏ వాలున మొలిస్తే సూది ఆ వాలునే వెళ్ళాలి. లోపల ఏదీ అడ్డం తగలకూడదు. చర్మం సూదితోపాటు నొక్కుకుపోయిందంటే దారి తప్పినట్టే. "దారి చెయ్యొద్దు స్వర్ణా, ఉన్న దారి వెతుక్కో," అనేది మేడం. తర్వాత కరెంటు. సూది లోపల ఉండగా కాలికింద పెడల్ నొక్కి, రెండో చేత్తో ప్లకర్, అంటే చిన్న పట్టకారు, పట్టుకుని వెంట్రుకని ఊరికే పైకి ఎత్తాలి. లాగకూడదు. వేరు కాలిందంటే, ఉడికిన చిక్కుడు గింజ తొక్కలోంచి జారినట్టు అదే వచ్చేస్తుంది. లాగితే వచ్చిందంటే అది పీకడం, కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే మొలుస్తుంది. కరెంటు ఎక్కువైతే పొక్కు, పొక్కు గిల్లితే మచ్చ. నా పిక్క నిండా ఆ మచ్చలున్నాయి. అవి నా చదువు, వాటికి నేనేమీ సిగ్గుపడను.

కొండవాలంతా వలిసె పూలు పచ్చగా పూసి, టూరిస్టులు ఫొటోల కోసం చేలల్లో పడి తొక్కుతున్న రోజుల్లో మేడం ఒక మాట చెప్పింది.

"ఇంక కాళ్ళు చాలు. నీకొక మొహం కావాలి. మొదటి వెంట్రుక నుంచి చివరిదాకా నువ్వే చెయ్యాలి, నేను పక్కన కూర్చుంటాను. మచ్చ పడకూడదు. అది పూర్తయితే ఆ రెండో కుర్చీ నీది. కాకపోతే పండగలయ్యాక వైజాగు నుంచి నేర్చిన అమ్మాయినే తెచ్చుకుంటాను. నా ఒక్కదాని వల్ల సాగడం లేదు."

మొహం కింద షాపులోనే ఉందనుకున్నాను. రమణమ్మగారు పైపెదవి మీద వెంట్రుకలు తీయించుకోవడానికి వారం వారం వచ్చేది. ఆ వారం కూడా వచ్చి, కళ్ళజోడు తీసి పడుకుంది. ఇవాళ స్వర్ణ చేస్తుంది, నేను చూస్తుంటాను అంది మేడం. రమణమ్మగారు లేచి కూర్చుంది.

"ఈ గుంటా? కొండోల్ల గుంట సెయ్యి నా మొకం మీదేటి? వద్దమ్మా. మీకు కాళీ నేకపోతే రేపొస్తాను. ఆ తువ్వాలిలా ఇమ్మనండి."

తువ్వాలు ఇచ్చాను. ఆవిడ కౌంటరు మీద సీసాల్లో ఉన్నది మా కొండ తేనె. సంచుల్లో ఉన్నవి మా కుంకుడుకాయలు, మా పిప్పళ్ళు. అవేవీ కొండోళ్ళ చెయ్యి తగలకుండానే చెట్టు దిగి వచ్చాయి కాబోలు. ఆవిడ తర్వాత ఇంకొందరిని అడిగింది మేడం. ఒకరు నవ్వి వద్దులే అన్నారు, ఒకరు పెళ్ళి దగ్గరలో ఉందన్నారు. ఆ సాయంత్రం గది ఊడుస్తుంటే చీపురు విరిచెయ్యాలనిపించింది.

ఇంటికెళితే మా అన్న ఫల్గుణ ఇంకో వైపు నుంచి అందుకున్నాడు. "మొకాలెవులూ ఇవ్వరే నీకు. ఆ సూది ఒగ్గీసి కాఫీ తోటలోకి రా. పల్లు దగ్గరకొచ్చీసినాయి." అమ్మదీ వాడి మాటే. పొయ్యి దగ్గర కూర్చుని చోడి అంబలి తాగుతున్న మా అత్త అంతా విన్నది.

మా అత్త రాజులమ్మ మా నాన్నకి అక్క. మా ఊరి నడుమ పాతిన రాళ్ళే మా నిశాని దేవత. వయసులో ఉండగా ఒక పుష్య పండగనాడు ఆ దేవత అత్త మీదకి వచ్చింది. ఆ తర్వాతే గడ్డం మీద వెంట్రుకలు మొదలయ్యాయట. పండగలకి మంచిరోజు చెప్పే దిసారి సుక్రు మావ, అవి దేవత గుర్తు, ఎవరూ ముట్టకూడదు అన్నాడు. అప్పటినుంచి ఏటా పుష్య పండక్కి డప్పులు మోగుతుంటే అతను ఆవిడ గడ్డానికి పసుపు పూస్తాడు, ఆవిడకి పూనకం వస్తుంది, ఊరంతా వానల గురించీ రోగాల గురించీ అడుగుతుంది. దేవత వచ్చే మనిషిని ఆ రోజు దిసారి తప్ప ఎవరూ తాకరు. అందుకని ఆడవాళ్ళందరూ ఒకరి నడుము ఒకరు పట్టుకుని థింసా ఆడుతుంటే, అత్త రాళ్ళ పక్కన ఒక్కతే కూర్చుని చూస్తుంది. పెళ్ళికి అడిగినవాడు లేడు. నల్ల గడ్డం తెల్లబడింది. సంతకి వెళితే కొంగు గడ్డం కిందనుంచి తిప్పి నెత్తిన ముడేసుకుంటుంది. ఇదంతా నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నదే. అది ఆవిడకి ఇష్టమా అని అడగాలని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు.

ఆ శుక్రవారం సంతరోజు. మధ్యాహ్నం మెట్ల మీద చప్పుడైతే చూశాను. రాజ్మా గింజల బుట్ట చంకనెట్టుకుని మా అత్త. వెనకాల ఎవరో టూరిస్టు అమ్మాయి ఫోను ఎత్తి పట్టుకుని మెట్ల దాకా వచ్చింది. అత్త లోపలికొచ్చి తలుపేసింది, బుట్ట దించింది, కొంగు ముడి విప్పింది.

"నీకు మొకం కావాలన్నావు గదేటే. ఇదిగో, ఉన్నాది."

"అత్తా, అది దేవత గుర్తు గదా," అన్నాను.

"దేవత నా మీదకొస్తాది, గెడ్డం మీదకి కాదు. గుర్తన్నది సుక్రుగాడు. ఊరోల్లు అడిగినవన్నీ నాను సెప్తన్నాను. నీకేటి కావాలని నన్నడిగినోలు ఎవులూ నేరు." మేడం వైపు తిరిగింది. "ఇది తీసీగలరేటమ్మా, మల్లీ రాకుండ?"

మేడం ఆవిడని కూర్చోబెట్టి షుగరుందా, గుండెకి ఏదైనా మిషను పెట్టారా అని అడిగింది. భూతద్దం కిందకి వంగి చాలాసేపు చూసింది. "తెల్ల వెంట్రుకల్ని లేజరు పట్టుకోదు. వీటికి సూదే," అంది. "నొప్పి ఉంటుందమ్మా. ఒక్కరోజులో అయ్యేది కాదు, వారం వారం రావాలి. ఒకసారి అంతా తీశాక కూడా కొన్ని మొలుస్తాయి, వాటికి మళ్ళీ రావాలి. ఈలోపు మీరు పీక్కోకూడదు."

"ఇన్నేల్లు పీక్కోనేదు. ఇప్పుడేటి పీక్కుంటాను?"

చర్మం వాచకుండా మొహమంతా అక్కడొకటి ఇక్కడొకటి తీసుకుంటూ పోవడం మా పద్ధతి. అది చెబితే అత్త ఒప్పుకోలేదు. "అలగ తీస్తే ఎలక కొరికినట్టుంటాది. ఒక పక్కనించి తియ్యండి. సూసినోడికి తెలవాల." మేడం నవ్వి, సరే ఒక పక్కే, కానీ ఒకటి వదిలి ఒకటి అంది.

మొదటి వెంట్రుక దగ్గరకి వంగాను. సూది పెట్టాను, పెడల్ నొక్కాను, ఎత్తాను. అది పట్టుకుని ఉంది. కంగారుపడి లాగేశాను.

"పీకీసినావు," అంది అత్త కళ్ళు మూసుకునే. "మల్లీ సూడు."

రెండోదానికి ఊపిరి బిగబట్టి వాలు చూసుకున్నాను. సూది తనంతట తను లోపలికి వెళ్ళింది. పెడల్. ప్లకర్‌తో ఎత్తితే వెంట్రుక జారి చేతిలోకి వచ్చేసింది, వేరు దగ్గర సన్నటి తెల్లటి తొడుగుతో సహా. "ఎప్పుడు తీస్తావు?" అంది అత్త. తీసేశాను అన్నాను. ఆవిడ ఒక కన్ను తెరిచి చూసింది. మేడం కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని కూర్చుంది.

వలిసె పూలు పోయి, మంచు పట్టి, కాఫీ పళ్ళు ఎరుపెక్కేసరికి అత్త కుడివైపు గడ్డం నున్నగా అయింది. ఆ రోజునుంచి ఆవిడ కొంగు ముడెయ్యడం మానేసింది. నేను బతిమాలాను, రెండో పక్క కూడా అయ్యేదాకా కట్టుకోవే అని. "నానేటి దొంగతనం సేసినానేటి?" అంది.

సుక్రు మావ నలుగురు పెద్దమనుషుల్ని వెంటేసుకుని మా వాకిట్లోకి వచ్చాడు. ఫల్గుణ మంచం వాల్చాడు. ఎవరూ కూర్చోలేదు.

"వదినా," అన్నాడు సుక్రు మావ. వరసకి ఆవిడ మేనత్త కొడుకు, చిన్నప్పటినుంచి అలాగే పిలుస్తాడు. "ఇదేటి పని?"

"సూస్తన్నావు గదా," అంది అత్త. రాజ్మా కాయలు వలుస్తున్న చెయ్యి ఆపలేదు.

"పండగొస్తన్నాది. పసుపెక్కడ పుయ్యమంటావు? దేవతకి కోపమొస్తే ఊరందరికీ గదా."

"దేవతకి కోపమొస్తే నాకు ముందు తెలుస్తాది. నీకెలగ తెలిసినాది?"

సుక్రు మావ చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పకపోతే నాకు తప్పు. మా నాన్న పోయినప్పుడు మా పొలం దున్నింది అతనే. కానీ ఆ రోజు అతని మొహంలో భయం చూశాను, భయం ఉన్నవాడితో వాదించడం కష్టం. "మిగిలిన సగం ఉంచీ వదినా," అన్నాడు. "ఆ సగానికే పసుపు పూస్తాను. అది కూడా తీసినావంటే మీ తోటకి ఎవులూ రారు." అని వెళ్ళిపోయాడు.

ఆ మాట ఎంత బరువో కొండకింద వాళ్ళకి తెలియదు. మా ఊళ్ళో కాఫీ కోతకి కూలి అంటూ లేదు. ఇవాళ మీ తోటకి మేమందరం, రేపు మా తోటకి మీరందరూ. మా వంతు రెండు రోజుల్లో ఉంది. ఆ పొద్దున్న అమ్మా, ఫల్గుణా, నేనూ, అత్తా బుట్టలు నడుముకి కట్టుకుని తోటలో నిలబడ్డాం. ఎవరూ రాలేదు, రెండో సగం ముట్టకముందే రాలేదు. పక్క తోటలో నవ్వులు వినిపిస్తున్నాయి. మిరియం తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద పండిన పళ్ళు కొమ్మల మీదే నల్లబడటం మొదలైంది. సాయంత్రానికి మా నలుగురం కోసింది చూసి ఫల్గుణ బుట్ట విసిరికొట్టాడు.

"సగం సాలదేటి నీకు?" అన్నాడు అత్తతో. నాతో కూడా. "నీ కుర్సీ కోసం మా తోట ఎండిపోవాలేటే?"

అమ్మ పళ్ళు ఏరుకుంటూ, ఆ సగం ఉంచెయ్యొదినా, పండగెల్లిపోతే తర్వాత సూసుకుందాం అంది. అత్త ఎడమవైపు గడ్డం మీద చెయ్యి వేసుకుని నల్లబడుతున్న పళ్ళవైపే చూస్తూ కూర్చుంది.

శుక్రవారం గదికి ఒక్కదాన్నే వెళ్ళాను. అక్కడ కూడా కబురు ముందే చేరిపోయింది. రమణమ్మగారు పైకొచ్చి, కొండోళ్ళొచ్చి షాపు ముందు గొడవ చేస్తే గది ఖాళీ చెయ్యాల్సిందేనని చెప్పి వెళ్ళిందట. మేడం సూదుల డబ్బా సర్దుతూ, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"స్వర్ణా, నీ చెయ్యి చూశాను. కుడివైపు ఒక్క మచ్చ లేదు. నాకు అది చాలు. మిగిలింది వదిలెయ్. రేపటినుంచి ఆ కుర్చీ నీది."

నేను ఆ కుర్చీవైపు చూశాను. రోజూ దాని ఇనప కాళ్ళు తుడిచాను. దాని తోలు ఎక్కడ చిట్లిందో, ఏ చక్రం మొరాయిస్తుందో నాకు తెలుసు. ఎంత కావాలనుకున్నానో అబద్ధం చెప్పను, నోట్లో నీళ్ళూరాయి. అవునని ఒక్క మాటంటే ఇంట్లో శాంతి, ఊళ్ళో శాంతి, నాకు కుర్చీ. అందరికీ కావలసింది దొరుకుతుంది, మెట్లెక్కి వచ్చి కొంగు ముడి విప్పిన ఆ ఒక్క మనిషికి తప్ప.

"సగం మొహం చేసినదాన్ని ఆ కుర్చీ పక్కన ఎలా నిలబడతాను మేడం?" అన్నాను. "మొదటి వెంట్రుక నుంచి చివరిదాకా అన్నారు మీరు. మిషను ఇవ్వండి. మా వాకిట్లో చేస్తాను, పగలు, అందరూ చూస్తుండగా. ఇక్కడికి ఎవరూ రారు, మీ గదికి ఏమీ కాదు."

"నువ్వింకా నేర్చుకుంటున్న పిల్లవి. నేను లేకుండా మిషను పెట్టకూడదు."

"అయితే రాకండి," అన్నాను. గొంతు గట్టిగానే లేచింది.

మేడం సూదుల డబ్బా మూత పెట్టింది. కిరండూల్ రైలు కూత వేసుకుంటూ వెళ్ళిపోయేసరికి డబ్బా సంచిలో పెట్టుకుంది. "కోపం వేళ్ళలోకి రానివ్వొద్దన్నాను," అంది. "మీ ఊరికి జీపు ఎక్కడ దొరుకుతుంది?"

ఆదివారం ఎండ బాగా కాసింది. వాకిట్లో మంచం వేసి, మంచం మీద దుప్పటి, దుప్పటి మీద తెల్ల తువ్వాలు పరిచాను. మిషనుకి వైరు ఇంట్లోంచి అందలేదు. నేను అటూ ఇటూ చూస్తుంటే ఫల్గుణ ఒక్క మాటా లేకుండా ఇంట్లోకి వెళ్ళి, టీవీకి పెట్టిన ఎక్స్‌టెన్షన్ బోర్డు పీకి తెచ్చి నా కాళ్ళ దగ్గర పెట్టాడు. అత్త మంచమెక్కి పడుకుంది. మేడం పీటమీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ముందు పిల్లలు వచ్చారు. తర్వాత ఆడవాళ్ళు, తర్వాత మగవాళ్ళు. చివరికి సుక్రు మావ. నేను తలెత్తలేదు. సూది, పెడల్, ప్లకర్. తీసిన వెంట్రుక దూది మీద పెడుతున్నాను, అది ఎండలో తళతళమంటోంది. అత్త మెదలడం లేదు.

"పీకుతున్నాది," అన్నాడు సుక్రు మావ వెనకనుంచి. "పీకితే ఏదైనా ఊడతాది. దేవతది దేవతదే. లాగకుండా ఒగ్గీస్తే అది ఊడదు."

తలెత్తాను. నాకు కోపం వచ్చిన మాట నిజం. అది వేళ్ళలోకి రానివ్వలేదు.

"పీకుతున్నానా మావా? రా. నువ్వే పట్టుకో."

ప్లకర్ అతని ముందు చాపాను. అతను వెనక్కి జరిగేవాడే, కానీ మంచం మీదనుంచి అత్త గొంతు వచ్చింది. "పట్టుకో సుక్రూ. ఇన్నేల్లు పసుపు పూసిన సెయ్యే గదా."

అతను వచ్చి మంచం పక్కన గొంతుకూర్చున్నాడు. మేడం లేచి అతని వేళ్ళకి స్పిరిట్ రాసింది. ముక్కు ముడుచుకున్నాడు గానీ చెయ్యి తీసెయ్యలేదు. వెంట్రుక చివర ఎలా పట్టుకోవాలో చూపించాను. గట్టిగా వద్దు, లాగొద్దు, ఊరికే పట్టుకుని ఉండు అన్నాను. సూది పెట్టాను. పెడల్ నొక్కాను.

"ఇప్పుడు ఎత్తు."

అతను చెయ్యి ఎత్తాడు. వెంట్రుక అతని చెయ్యితోపాటే పైకి లేచి వచ్చేసింది. ప్లకర్ చివర తెల్లగా వేలాడుతున్న దాన్ని అతను కళ్ళ దగ్గరకి తెచ్చుకుని చూశాడు. తర్వాత చుట్టూ ఉన్నవాళ్ళని చూశాడు.

"నాను లాగనేదు," అన్నాడు.

అతను ఆ వెంట్రుకని అడ్డాకులో పెట్టుకుని, ఆకు మడిచి, దేవత రాళ్ళవైపు నడిచి వెళ్ళాడు. నేను మిగిలినవి ఆ ఆదివారం కొన్ని, ఆ తర్వాతి ఆదివారాలు కొన్ని, మేడం పక్కన ఉండగా అదే మంచం మీద తీశాను. చివరిది దవడ మూల దగ్గర చాలా సన్నగా ఉంది, దాని వాలు దొరకడానికి చాలాసేపు పట్టింది. అయిపోయిందత్తా అంటే ఆవిడ లేచి కూర్చుని, రెండు అరచేతులతో గడ్డం పట్టుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను.

పుష్య పండగనాటికి ఎర్రదనం తగ్గి, సన్నటి చెక్కులు మాత్రం మిగిలాయి. వాటిని గిల్లొద్దని నేనూ, మేడం చెప్పిన మందు రాయాలని అమ్మా ఆవిడ వెంటపడ్డాం. పండగ సాయంత్రం అత్త కొత్త చీర కట్టుకుని ఎప్పటిలాగే రాళ్ళ పక్కన కూర్చుంది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. దేవత ఇవాళ రాకపోతే, మా ఇంటికి ఇంకెవరూ రారు. అది నాకు తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు.

డప్పులు మొదలయ్యాయి. సుక్రు మావ పసుపు గిన్నె పట్టుకుని ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఎక్కడ పుయ్యాలో తెలియక వేళ్ళు గిన్నెలో పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఆ పసుపు రాల్లకి పుయ్యి," అంది అత్త. "దేవతంటే అవే గదా."

రాళ్ళకి పూశాడు. డప్పులు వేగం పెరిగాయి. అందరం ఆవిడ భుజాలవైపే చూస్తున్నాం. ముందు ఎడమ భుజం అదురుతుంది, తర్వాత తల, తర్వాత ఒళ్ళంతా. ఏటా అంతే. ఈసారి భుజం కదల్లేదు. డప్పులవాళ్ళు చెమటలు కక్కుతూ ఇంకా వేగంగా వాయించారు. అత్త నిమ్మళంగా కూర్చుని వింటోంది. ఫల్గుణ నా పక్కన పళ్ళు కొరుకుతున్నాడు. చివరికి ఒక డప్పు ఆగింది, దాని వెనక అన్నీ ఆగిపోయాయి.

అత్త మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది.

"ఎందుకాపీసినారు? కొట్టండి. ఈ ఏడు నాను ఆడతాను."

నడుచుకుంటూ వచ్చి ఆడవాళ్ళ వరసలో నా పక్కన నిలబడి నా నడుము వెనక్కి చెయ్యి పోనిచ్చింది. ఆవిడకి రెండో పక్కన సుక్రు మావ భార్య. ఆ రోజు అత్తని తాకకూడదు. ఆవిడ మొగుడివైపు చూసింది. సుక్రు మావ నేలవైపు చూస్తున్నాడు, అవునని అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడ చెయ్యి కాసేపు గాలిలో ఆగి, తర్వాత మెల్లగా వచ్చి మా అత్త నడుము పట్టుకుంది. డప్పు మోగింది. అత్త అడుగులు ఒక్కటి తప్పలేదు. రాళ్ళ పక్కన కూర్చుని ఇన్నేళ్ళూ ఆవిడ కాళ్ళు లోపల్లోపల ఆడుతూనే ఉన్నాయి కాబోలు.

మర్నాడు పొద్దున్న తోటలోకి వెళితే సుక్రు మావ భార్య బుట్ట కట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ వెనక ఇంకొందరు ఆడవాళ్ళు. అందరూ రాలేదు, రానివాళ్ళు ఇప్పటికీ రారు. పళ్ళు చాలావరకు కొమ్మల మీదే ఎండిపోయాయి, ఆ ఏడు మా ఇంట్లో బిగపట్టుకునే గడిపాం. రెండో కుర్చీ నాదయింది. రమణమ్మగారు గది ఖాళీ చేయించలేదు, ఆ మెట్లెక్కి ఆ గదిలో ఇంకెవరుంటారు గనక. ఆవిడ పెదవి మాత్రం నాకు ఇవ్వలేదు. మేడం ఖాళీ అయ్యేదాకా కూర్చుని ఉంటుంది. కూర్చోనీ. మొహం ఎవరిదైతే మాట వాళ్ళది, ఆ సంగతి నేను నేర్చుకున్నది మా అత్త దగ్గర.

ఆ కుర్చీలో మొదట పడుకున్నది అత్తే. మేడం చెప్పినట్టే కొన్ని వెంట్రుకలు మళ్ళీ మొలిచాయి. లైటు దగ్గరకి లాక్కుని, అప్పటిదాకా ఎవరమూ అడగలేనిది అడిగాను.

"ఆ రోజు దేవత ఎందుకు రాలేదత్తా?"

"నానే రావొద్దన్నాను," అంది అత్త కళ్ళు మూసుకుని. "ఈ ఏటికి ఎవులింట్లోనైనా కూకో, నాను ఆడుకోవాలి అన్నాను. సరేనన్నాది."

"నవ్వకు. సూది తప్పుతుంది."

నవ్వు ఆపుకుంది. నేను వాలు చూసుకుని సూది పెట్టి, పెడల్ నొక్కాను. వెంట్రుక లాగకుండానే వచ్చింది.